ఏ కాలి మీద లేచాడు

అక్టోబరు 29, శనివారం

కార్డులు ఇవ్వను.

క్విల్ మళ్లీ అడిగించాడు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలట. ముప్పై ఎనిమిదేళ్లుగా నేను చూసిన ప్రతి కుర్రాడికీ ఒక అట్టముక్క ఉంది. ఒక్కో అట్ట మీద ఒక్కటే వాక్యం. రెండో వాక్యం రాస్తున్నామంటే కుర్రాణ్ణి చూడటం మానేసి మన తెలివిని చూసుకుంటున్నామని అర్థం. రాసింది ఎన్నడూ కొట్టేయలేదు. కొట్టేసుకునే వీలుంటే మనిషి అజాగ్రత్తగా రాస్తాడు.

ట్రెవర్ క్విల్ ఒకప్పుడు నా కారు నడిపేవాడు. నా సంచీ మోసేవాడు. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుని, కొత్త ఆటగాళ్ల ఎంపికకు అధిపతి అనిపించుకుంటున్నాడు. నేను ‘సలహాదారు’. వచ్చే నెలాఖరుతో అదీ అయిపోతుంది. రోమన్ చక్రవర్తులు ముసలి సేనాపతులకు విషమన్నా ఇచ్చేవారు. మా క్లబ్బు పార్కింగు కార్డు వెనక్కి అడుగుతుంది.

అక్టోబరు 30, ఆదివారం

బ్రైస్ నోస్కే. పద్దెనిమిదేళ్లు. రెండు మీటర్ల మూడు సెంటీమీటర్లు. మాలీ ప్రాంతపు గోధుమ పొలాల మధ్య పెరిగాడు. ఏటా నవంబరులో క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ల పేర్లు పిలిచి తీసుకుంటాయి; మాకు వచ్చేది తొమ్మిదో పిలుపు. ఆ పిలుపులో వీణ్ణి తీసుకోవాలని క్విల్ పట్టుదల.

నేను వీణ్ణి నాలుగుసార్లు చూశాను, నాలుగూ ఇక్కడ మెల్బోర్న్‌లోనే. మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో అంపైర్ బంతిని నేలకేసి కొడతాడు, అది లేస్తుంది, రెండు జట్ల పొడుగువాళ్లూ ఎగిరి దాన్ని తమవాళ్ల వైపు తడతారు. ఆ ఎగిరేవాడే రక్‌మన్. జనం వాళ్ల చేతులు చూస్తారు. నేను కాళ్లు చూస్తాను.

నోస్కేది కుడిచేతి వాటం. అలాంటివాడు ఎడమకాలి మీద లేస్తాడు. కుడి మోకాలు పైకి వస్తుంది, కుడి చెయ్యి ఇంకా పైకి పోతుంది. దేహం అలా తయారైంది. వీడు కుడికాలి మీద లేస్తున్నాడు. పదిహేనేళ్లప్పటి వీడియో తెప్పించి చూశాను. అప్పుడు ఎడమకాలే. మధ్యలో మారింది.

క్విల్ దాన్ని వరం అంటున్నాడు. రెండు కాళ్ల మీదా ఎగరగలడట. ఉన్న కాలు వదిలి లేని కాలు ఎవడు వాడతాడు? ఉన్న కాలు నొప్పెడుతున్నవాడు.

కార్డు మీద రాశాను: కుడికాలి మీద లేస్తున్నాడు, మోకాలు దాస్తున్నాడు.

నవంబరు 1, మంగళవారం

గుర్రప్పందేల సెలవు. నోలా పందేలకు వెళ్లే ఆడవాళ్లలా టోపీ పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. పెళ్లయి నలభై ఆరేళ్లయినా ఇంట్లో కూర్చుని టోపీ ఎందుకో నాకు చెప్పలేదు.

గుర్రాలు తిరుగుతుంటే, “మూడో నంబరు ముందుకాలు చూసుకుని వేస్తోంది,” అన్నాను.

“నీకు ఎవరి కాళ్లయినా కుంటుతున్నట్టే కనిపిస్తాయి, క్లెమ్. రెన్నిక్ దగ్గర్నుంచీ అంతే.”

రెన్నిక్ పేరు ఈ ఇంట్లో ఎత్తాల్సిన పనిలేదు. మూడో నంబరు నాలుగో స్థానంలో వచ్చింది. నా మాట తప్పేమీ కాదు.

నవంబరు 3, గురువారం

రెన్నిక్ గురించి రాయను.

నవంబరు 8, మంగళవారం

మీటింగు. క్విల్, కోచ్ ఫౌల్డ్స్, నేను, టేబుల్ చుట్టూ కంప్యూటర్లు తెరుచుకున్న నలుగురు పిల్లలు.

మా క్లబ్బులో ఒక మాట ఉంది: రెన్నిక్ చేయడం. పొడుగ్గా ఉన్న కుర్రాణ్ణి చూసి మతిపోగొట్టుకుని మంచి పిలుపు వాడి మీద తగలేయడం అన్నమాట. పుట్టించింది క్విల్. నన్ను ఉద్దేశించే. పందొమ్మిదేళ్ల కిందట నేను పట్టుబట్టి రెన్నిక్‌ను మొదటి పిలుపులో తీసుకున్నాను. నాలుగు ఆటలు ఆడాడు, మోకాలు పోయింది. ఆ మాట ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు కూడా తెలుసు. రెన్నిక్ మనిషని వాళ్లకు తెలియదు.

పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన వాక్యం ఇవాళ అన్నాను.

“ట్రెవర్, నువ్వు రెన్నిక్ చేస్తున్నావు.”

నలుగురు పిల్లలూ కంప్యూటర్ల మీంచి తలెత్తారు. ఆ రుచి మాటల్లో చెప్పలేను.

“ఎందుకలా అంటున్నావు?” అన్నాడు ఫౌల్డ్స్.

“ఎడమ మోకాలు. వీడియో చూపిస్తాను. పదిహేనేళ్లప్పుడు ఎడమ. ఇప్పుడు కుడి. ఎవడూ సరదాకి కాలు మార్చుకోడు.”

“డాక్టర్లు ఫొటోలు తీశారు క్లెమ్,” అన్నాడు క్విల్. “మోకాలు గాజుబిళ్లలా ఉంది.”

“రెన్నిక్‌కూ అదే అన్నారు.”

“సరే, ఒకటి చెప్పు. వాళ్ల ఊరు వెళ్లావా? కుర్రాణ్ణి వాడి సొంత మైదానంలో చూడందే కార్డు మూయకూడదని నాకు నేర్పింది నువ్వే కదా. నీ కారు నడిపిన రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో.”

“అక్కర్లేదు. కాలు ఎక్కడైనా కాలే.”

ఫౌల్డ్స్ ముక్కు రుద్దుకున్నాడు. ఆయన ఉద్యోగం కూడా దారం మీదే ఉంది. రక్‌మన్ పక్వానికి రావడానికి ఐదేళ్లు, ఆయనకు ఉన్నది ఒకటి. “మోకాలు అన్న మాట వచ్చాక నాకు నిద్ర పట్టదు,” అన్నాడు.

గెలిచాను.

నవంబరు 10, గురువారం

బార్నీ ఫోన్ చేశాడు. వేరే క్లబ్బులో నాలాంటి ముసలివాడే. నోస్కే గురించి అడిగాడు. ఏమీ చెప్పలేదు. ‘మోకాళ్లు చూసుకో’ అన్నాను, అంతే. అది నేను అందరి గురించీ అనే మాటే.

నవంబరు 12, శనివారం

క్విల్ వెనక్కి తగ్గాడు. తొమ్మిదో పిలుపుకు ఎవడో పొట్టివాణ్ణి రాసుకున్నాడట. చక్కగా పరిగెడతాడు, ఎవరూ తిట్టరు. క్విల్‌కు వెన్నెముక లేదని ఎప్పుడూ చెబుతూనే ఉన్నాను.

సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

నవంబరు 13, ఆదివారం

నోలా అడిగింది: “ఆ ఊరు ఎందుకు వెళ్లలేదు?”

“నడుము నొప్పి. నాలుగున్నర గంటల దారి.”

“కిందటేడు ఇంకో కుర్రాడి కోసం ఇంకా దూరం వెళ్లావుగా.”

“కిందటేడు కిందటేడు.”

ఆమె గళ్లనుడికట్టులోకి వెళ్లిపోయింది. ఆమె వాదించదు. అదే ఆమె పద్ధతి.

నవంబరు 14, సోమవారం

వెళ్తాను. రుజువు పట్టుకొస్తాను. తల్లిని నిలదీస్తే చెప్పక ఏం చేస్తుంది? అప్పుడు క్విల్ నోరు శాశ్వతంగా మూతపడుతుంది.

నవంబరు 16, బుధవారం

టల్బూన్ మోటెల్లో కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం ఆరు. కిటికీ మీద ఈగలు. వరసగా రాస్తాను, ఏదీ వదలకుండా.

పదకొండింటికి చేరాను. కోతలు నడుస్తున్నాయి, దారంతా గోధుమ లారీల దుమ్ము. నోస్కేవాళ్లది కొరాంబి, కానీ కొరాంబికి ఇప్పుడు జట్టు లేదు. కుర్రాళ్లు చాలక రెండేళ్ల కిందట టల్బూన్‌తో కలిపేశారు. కొరాంబి మైదానం దాటుకుంటూ వచ్చాను. గోల్ కర్రలు ఉన్నాయి, మధ్యలో మోకాలెత్తు గడ్డి, గొర్రెలు. ఇప్పుడు ఆటలన్నీ టల్బూన్‌లోనే.

తల్లి ఇంట్లో లేదు, టల్బూన్ మైదానంలో ఉందన్నారు. వెళ్లేసరికి మైదానం నడిమధ్యన ఒకావిడ చీపురుతో సిమెంటు ఊడుస్తోంది. పొడుగు మనిషి. టోపీకి వెనక గుడ్డ కట్టుకుంది.

“హెదర్ నోస్కే మీరేనా?”

“మీది ఏ క్లబ్బు?” అంది, తలెత్తకుండా.

“ఎలా తెలిసింది?”

“ఈ ఎండలో కోటు వేసుకుని వచ్చేది ఇద్దరే పెద్దాయనా. మీరు, శవపేటికలవాడు. ఇక్కడ ఎవరూ పోలేదు.”

పేరు చెప్పాను. నిలదీయాలని వచ్చానుగా, నిలదీశాను. వీడియో సంగతి, కాలు మారిన సంగతి. ఎడమ మోకాలికి ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరు కట్టు కట్టారు.

ఆవిడ చీపురు మీద గడ్డం ఆనించి నన్ను చాలాసేపు చూసింది.

“ఏం జరిగిందా? మీరు నిలబడింది చూడండి.”

చూశాను. క్రికెట్ పిచ్. అన్ని ఊళ్లలో లాగే మైదానం మధ్యలో సిమెంటు పలక. వేసవిలో క్రికెట్. చలికాలం ఫుట్‌బాల్ మొదలవగానే దాని మీద నాలుగు వేళ్ల మందం మట్టి కప్పేస్తారు. అంపైర్ బంతి కొట్టే వలయం సరిగ్గా దాని మీదే పడుతుంది. ఇది ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. ఇవి వందసార్లు చూసినవాణ్ణి.

“అంచు చూడండి,” అంది.

పలక ఒకవైపున, పక్క మట్టి కుంగి, సిమెంటు అంచు అరచెయ్యంత ఎత్తు లేచి ఉంది.

“కరువు ఏళ్లలో నేల అలా దిగిపోయింది. మట్టి కప్పితే కనపడదు కానీ కింద ఉంటుంది. మా వాడు పదహారేళ్లకి ఇక్కడ ఆడ్డం మొదలెట్టాడు. రెండో వారంలో పక్క జట్టు పొడుగువాడు దాని మీద కాలేసి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మా వాడి కళ్ల ముందే. అప్పట్నుంచి ఇక్కడ ఆడే వాళ్లందరూ ఒక అడుగు ముందే లేస్తారు. మీరు పరిగెత్తి చూడండి.”

“నేనా?”

“కుర్రాణ్ణి కుంటివాడన్నారుగా. చూడండి.”

డెబ్బై నాలుగేళ్లవాణ్ణి. కోటు తీసి గడ్డి మీద పెట్టాను. రక్‌మన్‌లు నిలబడే చోటి నుంచి నడిచాను, తర్వాత కొంచెం వేగంగా. ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆఖరి ఎడమ అడుగు ఎక్కడ పడాలో అక్కడ అంచు ఉంది. మళ్లీ నడిచాను. మళ్లీ అంచే. మూడోసారి ఒక అడుగు ముందు ఆగాను. కిందికి చూసుకున్నాను.

కుడికాలు.

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆవిడ వెంట వాళ్ల ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం కుర్రాడు కోత యంత్రం దిగి తిండికి వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావడం వాడికి ఊపిరంత అలవాటు. నిన్నటి గొర్రెమాంసం పెట్టిన రొట్టెలు నాలుగు తిన్నాడు. ఏ కాలి మీద లేస్తావని అడిగాను.

“ఏ కాలా?” అని తల్లి వైపు చూశాడు. “ఎప్పుడూ చూసుకోలేదండీ. బంతి పైకెళ్తది, నేనూ వెళ్తా.”

“మెల్బోర్న్ మైదానాల్లో అంచు ఉండదు కదా?”

“ఉండదా?” అన్నాడు. వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు.

చలికాలంలో వచ్చి ఉంటే మట్టి కింద అది నాకూ కనపడేది కాదు. అదొక్కటి నా తరఫున చెప్పుకోవచ్చు.

కాదు, చెప్పుకోలేను. చలికాలంలో వచ్చి ఉంటే ఈ మైదానంలో పొడుగువాళ్లందరూ ఒక అడుగు ముందే లేవడం కనపడేది. చూడటానికేగా నాకు జీతం.

నవంబరు 17, గురువారం

కారులో నాలుగున్నర గంటలు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. హెదర్ నోస్కే క్విల్‌కు ఫోన్ చెయ్యదు. పొట్టివాడు తొమ్మిదికి వస్తాడు, ఎవరూ తిట్టరు, క్విల్ ఓడిపోయినట్టే ఉంటాడు, నేను గెలిచినట్టే ఇంటికి వెళ్తాను.

దారిలో బల్లరాట్ ఊరు దాటాక ఇదంతా బయటికే అన్నాను. నా గొంతు నాకు నచ్చలేదు.

రేపు చెప్తాను.

నవంబరు 18, శుక్రవారం

చెప్పాను.

అంచు, అడుగులు, కలిసిపోయిన జట్లు, అన్నీ. నిలబడి చెప్పాను. కంప్యూటర్ పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్‌లో టల్బూన్ మైదానం ఫొటో వెతికి చూసింది, తలూపింది.

క్విల్ కుర్చీలో వెనక్కి వాలాడు. “అంటే వెళ్లావన్నమాట.”

“వెళ్లాను.”

“నేను అడిగినందుకా?”

“నువ్వు తప్పని నిరూపించడానికి.”

ఫౌల్డ్స్ నవ్వాడు. క్విల్ నవ్వలేదు. అక్కడే వదిలేస్తాడనుకున్నాను, తన మొదటి మాటే ఒప్పయింది కదా, నోస్కేను మళ్లీ తొమ్మిదికి ఎక్కిస్తాడనుకున్నాను. ఎక్కించలేదు.

“క్లబ్బు అధ్యక్షుడికి పొట్టివాడి పేరు చెప్పేశాం,” అన్నాడు. “వారంలో రెండుసార్లు మాట మార్చలేను.”

“నేను మార్చాను.”

“నీకు పన్నెండు రోజులే మిగిలాయి, క్లెమ్. నాకు ఇల్లు గడవాలి.”

పందొమ్మిదేళ్లుగా అతన్ని ద్వేషిస్తున్నాను. ఈ గదిలో నోస్కే ఎగరడం నాతో సమానంగా చూసినవాడు అతనొక్కడే. చూసి కూడా వదిలేస్తున్నాడు.

“ముప్పై ఒకటో పిలుపు కూడా మనదే,” అన్నాను. “అప్పటిదాకా మిగిలితే నా పేరు మీద తీసుకోండి. రెన్నిక్ చేశాడని రాసుకోండి. సంతకం పెడతాను.”

ఫౌల్డ్స్ నా వైపు, క్విల్ వైపు చూశాడు. “ముప్పై ఒకటికి మిగిలితే,” అన్నాడు.

సాయంత్రం బార్నీకి ఫోన్ చేశాను. మోకాలు బాగుంది, నేను పొరపాటు పడ్డాను, తీసుకోండి అన్నాను.

బార్నీ పగలబడి నవ్వాడు. “ఓరి ముసలి నక్కా. వారం కిందట కుంటి అన్నావు, ఇవాళ గుర్రం అంటున్నావు. ఏది అబద్ధమో నేనే తేల్చుకుంటాలే.”

“రెండోది నిజం, బార్నీ.”

“అందుకే మొదటిది నమ్ముతా.”

నవంబరు 20, ఆదివారం

ఇంకో మూడు క్లబ్బులకు ఫోన్ చేశాను. ముగ్గురూ నవ్వారు. ముగ్గురికీ బార్నీ ముందే చెప్పేశాడు.

మోకాళ్లు చూసుకో అన్నాను, అంతే అని పదో తారీకున రాసుకున్నాను. అంతే కాదు. ఏ మోకాలో కూడా చెప్పాను.

నవంబరు 24, గురువారం

ఎంపిక రోజు. క్లబ్బు గదిలో టీవీ, చల్లారిన మాంసం పైలు.

తొమ్మిదికి పొట్టివాడు.

పది, పదకొండు, పన్నెండు. ఒక్కో పేరు చదువుతున్నప్పుడల్లా నోస్కే అనాలని కోరుకున్నాను. మాకు దక్కకపోయినా సరే అనుకున్నాను. ఇది నిజమేనా అని ఇప్పుడు రెండోసారి అడుగుతున్నాను. నిజమే. పదిహేడో పిలుపు బార్నీది. ఇంకెవరో. ఇరవై రెండు. ఇరవై ఎనిమిది. టీవీవాళ్లు నోస్కే ఇంటికి కెమెరా పంపించారు. సోఫాలో కుర్రాడు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పక్కన తల్లి, టోపీ లేకుండా. ఆమె కెమెరావైపే చూస్తోంది. నావైపే అనిపించింది.

ముప్పై ఒకటి. ఫౌల్డ్స్ నా వైపు చూశాడు.

“నోస్కే,” అన్నాను.

నవంబరు 25, శుక్రవారం

ఇది ఊహించలేదు.

పొద్దున్నే అధ్యక్షుడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తొమ్మిదికి పోవాల్సినవాణ్ణి ముప్పై ఒకటికి తెచ్చిపెట్టానట. పుకారు పుట్టించి, ఊరంతా తిప్పి, మళ్లీ కాదని చెప్పి ఇంకా గట్టి చేశానట. గదిలో చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్లలో ఆ గదిలో నా కోసం మొదటి చప్పట్లు.

ఆ కథ అల్లింది క్విల్.

“ఊరుకో, క్లెమ్,” అన్నాడు నడవాలో, గొంతు తగ్గించి. “నీకూ మంచిదే, నాకూ మంచిదే. ఇంకో ఏడాది ఒప్పందం ఇస్తారు. ‘రెన్నిక్ చేయడం’ అని ఇంక ఎవరూ అనరు. ఇవాళ్టి నుంచి దానికి ఇంకో అర్థం.”

ఎంత తెలివైనవాడు. నాకు ఏం కావాలో నాకంటే బాగా తెలుసు.

“కుర్రాడు ఏమనుకుంటాడు?” అన్నాను.

“మురిసిపోతాడు. వాడి కోసం ఇంత నాటకం ఆడామని.”

“తొమ్మిది నుంచి ముప్పై దాకా ఇరవై రెండు పేర్లు, ట్రెవర్. ఇరవై రెండుసార్లు ఆ సోఫాలో కూర్చుని వాడు తనవి కాని పేర్లు విన్నాడు. నాకు నడుము నొప్పని చెప్పి ఊరు వెళ్లనందుకు.”

“ఆ మాట ఎవరికి కావాలి?”

తిరిగి గదిలోకి వెళ్లాను. అధ్యక్షుడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఎత్తుగడ కాదు, పొరపాటని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి వినయం అనుకున్నాడు. రెండోసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఒప్పందం సంగతి ఇంక ఎత్తలేదు.

నవంబరు 26, శనివారం

హెదర్ నోస్కేకు ఫోన్ చేశాను. మోకాలు మాట పుట్టించింది నేనే, బయటికి పంపింది నేనే, అది ఎత్తుగడ కాదు, తప్పు. పేపర్లో ఇంకోలా వస్తే నమ్మొద్దు. ఇవే మాటలు. అవతల కోత యంత్రం చప్పుడు.

“ఆ రోజు మీరు నడిచి చూసినప్పుడే అనుకున్నా,” అంది. “వాడికి మీరే చెప్పండి. సోమవారం వస్తున్నాడు.”

“చెప్తాను.”

“పెద్దాయనా, మీ కోటు ఇక్కడే వదిలేసి పోయారు.”

నవంబరు 28, సోమవారం

కుర్రాడికి చెప్పాను. ప్రాక్టీసు మైదానం అంచున, కోచ్‌లు లేనప్పుడు. కోటు తెచ్చి ఇచ్చాడు, మడతపెట్టి. అంతా విన్నాడు.

“ముప్పై ఒకటి అయితే ముప్పై ఒకటే లెండి,” అన్నాడు. తర్వాత కాసేపటికి, “ఇరవై దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోదు.”

కోటు చేతి మీద వేసుకున్నాను.

ప్రాక్టీసు మొదలవగానే ఒక కోచ్ వాడి కాలు మార్చబోయాడు. ఎడమకాలు, ఎడమకాలు అని అరుస్తున్నాడు. కంచె దగ్గరి నుంచి నేనూ అరిచాను, వాడి కాలు వాడికి వదిలెయ్యమని. నాకు ఆ హక్కు ఎల్లుండి వరకే ఉంది. ఎల్లుండి వరకూ అరుస్తాను.

నవంబరు 30, బుధవారం

ఆఖరి రోజు. కార్డుల పెట్టెలు ఇంటికి తెచ్చాను.

నోస్కే కార్డు తీశాను. ‘మోకాలు దాస్తున్నాడు’ అన్న మాటలు కొట్టేశాను. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి. గీత వంకరగా వచ్చింది. పైన రాశాను: సిమెంటు అంచు.

తర్వాత రెన్నిక్ కార్డు తీశాను. పందొమ్మిదేళ్ల కిందటి నా చేతిరాత: ‘ఎంత ఎత్తైనా ఎగురుతాడు.’ అబద్ధం కాదు. కానీ ఆ ఏడాది సెప్టెంబరులో, వాళ్ల ఇంటి మెట్లు దిగుతున్నప్పుడు వాడు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగడం నేను చూశాను. డాక్టర్లు చూడలేదు. క్విల్ చూడలేదు, కారులో ఉన్నాడు. నేను చూశాను. వాడు నాకు కావాలి, అందుకని రాయలేదు.

ఇవాళ రాశాను, రెండో వాక్యంగా: మెట్లు దిగేటప్పుడు కుంటాడు, చూశాను.

నోలా అడిగింది, రెన్నిక్ ఇప్పుడు ఎక్కడుంటాడని. జీలాంగ్‌లో టైర్ల దుకాణం. ఫోన్ నంబరు ఎప్పటి నుంచో నా దగ్గర ఉంది.

దుకాణం ఎనిమిదింటికి తెరుస్తారు. రేపు ఎనిమిదింటికి అక్కడ ఉంటాను.